గోత్వం ఎక్కడుంది?

ఎర్రావు, నల్లావు, కొమ్ము విరిగిన ముసలావు. మూడింటినీ ఆవు అనే అంటాం. మూడింటిలోనూ ‘గోత్వం’ అనే ఒకే సామాన్యం నిజంగా ఉందా? లేక ఉన్నవి వేరువేరు పశువులేనా, వాటిని కలిపి చూడటం మన బుద్ధి చేసే పనేనా?

ఈ ప్రశ్నను ప్లేటో, ఓకమ్‌ల పేర్లతోనే నేర్చుకుంటున్నాం. 14వ శతాబ్దపు ఓకమ్‌కు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల ముందే బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు దీన్ని తేల్చడానికి పూనుకున్నాడు. ఆయన మన వేంగి దగ్గరి కొండమీద తర్కగ్రంథం రచించాడని 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాశాడు.

సామాన్యం నిత్యం, ఒక్కటే, అయినా అనేక వ్యక్తుల్లో ఉంటుందని న్యాయవైశేషికుల మతం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పిల్లలకు నేర్పిందీ అదే. దిఙ్నాగుడు ఒప్పుకోలేదు. ఆవు అనే మాట ఆవు కానివాటిని తోసిపుచ్చుతుంది, అంతే అన్నాడు. ఇదే అపోహవాదం. మీమాంసకుడు కుమారిలభట్టు గట్టిగానే నిలదీశాడు: ఆవంటే ఏమిటో తెలియకుండా ఆవు కానిదేదో ఎలా తెలుస్తుంది?

దిఙ్నాగుడి పక్షాన బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఇచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. తిప్పతీగ జ్వరం తగ్గిస్తుంది. ఇంకొన్ని మూలికలూ తగ్గిస్తాయి. ఆకు వేరు, రుచి వేరు, పెరిగే తీరు వేరు. వాటన్నిటిలో ‘జ్వరహరత్వం’ అనే నిత్యపదార్థమేదో కూర్చుని ఉందనుకోనక్కర్లేదు. అందరికీ కావలసిన పని చేసిపెడుతున్నాయి కాబట్టి ఒక గుంపుగా కడుతున్నాం. ఆవుల సంగతీ అంతే. ‘ఆ పనులన్నీ ఒకే రకమని ఎలా అన్నావు, అక్కడ మళ్లీ సామాన్యం రాలేదా?’ అని నైయాయికుడు అడగవచ్చు. అది అడగాల్సిన ప్రశ్నే.

అయితే ఈ తర్కం గోశాలలో ఆగలేదు. బ్రాహ్మణత్వం కూడా గోత్వంలాంటి నిజమైన సామాన్యమేనని, తల్లిదండ్రులెవరో తెలిస్తే అది ప్రత్యక్షంగానే తెలుస్తుందని కుమారిలుడు వాదించాడు. కులగర్వాన్ని మూఢత్వపు గుర్తుల్లో ఒకటిగా లెక్కగట్టినవాడు ధర్మకీర్తి. ఆవుల విషయంలో నైయాయికుల మాట ఇంకా వినదగ్గదే. మనుషుల విషయంలో మాత్రం నేను నిస్సందేహంగా ధర్మకీర్తి పక్షం. పుట్టిన బిడ్డలో కులమనే పదార్థం ఎక్కడా లేదు, మనం తగిలించిన పేరు తప్ప.

తర్కసంగ్రహం పాఠం చెప్పే పండితులకు ఒక మనవి. సామాన్యం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కరోజు ఆగి, అపోహవాదం కూడా పూర్తిగా చెప్పండి. ఖండించడానికైనా సరే, ముందు దాని బలమంతా పిల్లలకు చూపించండి.