స్నేహము నడుమ వర్ణభేదము
అమెరికా దేశమున కొందరు విద్యార్థులు, కేవలము ఆండ్రాయిడ్ ఫోను చేతనున్న కారణమున, సహపాఠుల బృందసంభాషణలకు దూరమగుచుండుట బాల్యచాపల్యమని త్రోసిపుచ్చదగిన విషయము కాదు. 2011లో ఆపిల్ సంస్థ ఐమెసేజ్ అను సందేశసేవను ప్రవేశపెట్టిన నాటినుండి, ఐఫోనుల నడుమ సాగు సందేశములు నీలివర్ణమునను, ఇతరులకు పోవునవి పాత ఎస్సెమ్మెస్ మార్గమున ఆకుపచ్చవర్ణమునను కానవచ్చుచుండగా, ఆ పచ్చదనము వెంట మసకబారిన వీడియోలును, అన్నిటికంటె విచారకరముగా, ఆద్యంతము గోప్యత కాపాడు రక్షణ లేమియు వచ్చినవి. తల్లికి తాను పంపు వీడియోలు సరిగా చేరుటలేదని 2022లో ఒకరు సభాముఖమున విన్నవింపగా, ఆమెకు ఐఫోను కొనిపెట్టుమని నాటి ఆపిల్ అధిపతి టిమ్ కుక్ సెలవిచ్చిరి. తల్లీబిడ్డల సంభాషణను అంగడిసరకుతో ముడిపెట్టిన ఆ సమాధానము నాకు మిక్కిలి కటువుగా తోచినది. ఏ ఊరి తపాలాపెట్టెలో వేసినను ఉత్తరము చెక్కుచెదరక చేరవలెననుట ప్రజల హక్కు గాని, వర్తకుని దయ కాదు. వాట్సాప్ ఇంటింటను నెలకొన్న మన దేశమున ఈ బాధ అంతగా తెలియరాలేదు. 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఆపిల్‌పై వేసిన గుత్తాధిపత్య వ్యాజ్యమున ఈ పచ్చసందేశముల ప్రస్తావనయు కలదు. ఆ యేటి సెప్టెంబరున ఐఫోనులకు ఐఓఎస్ 18తో, ఎస్సెమ్మెస్ కంటె మేలైన ఆర్సీఎస్ అను సందేశపద్ధతి వచ్చి చిత్రముల స్పష్టత చాలవరకు కుదుటపడినను, వర్ణభేదము మాత్రము నిలిచియే యున్నది.