పొరుగు జట్టు తప్పుకు పండుగ చేసుకుందామా?

కుప్పం: ఉదయం బెంగుళూరు రైలు కోసం కుప్పం స్టేషన్లో నిలుచున్న వారి మాటలు ఒక పది నిమిషాలు వింటే చాలు, ఈ ఊరు ఎక్కడుందో తెలిసిపోతుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ అక్కడే వినబడతాయి. బెంగుళూరు ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు, చెన్నై సుమారు 250 కిలోమీటర్లు. కూలికి, చదువుకు, ఆసుపత్రికి మన జనం ఈ రెండు పట్నాలకే పోతారు. అందుచేత క్రికెట్ అభిమానం కూడా రెండుగా చీలింది. ఒకే ఇంట్లో అన్న చెన్నై పసుపు చొక్కా తొడిగితే, తమ్ముడు బెంగుళూరు ఎర్ర చొక్కా తొడుగుతాడు. హైదరాబాదు జట్టు అభిమానులు ఉన్నా, కుప్పంలో మాత్రం వారిది మూడో వరుసే.

ఐ.పి.ఎల్. పోటీలు వచ్చాయంటే టీ అంగళ్ళ వద్ద పాత తగాదా మళ్ళీ లేస్తుంది. "ఏమప్పా, రెండేండ్లు ఆటలోంచి ఎళ్ళగొట్టిచ్చుకున్నోళ్ళు మీరు గదా!" అని ఎర్ర చొక్కాలు ఎత్తిపొడుస్తాయి. "కప్పు మొగం జూసేదానికి పద్దెనిమిదేండ్లు పట్టినోళ్ళు మీరా మాకు చెప్పొచ్చేది?" అని పసుపు చొక్కాలు బదులిస్తాయి. వినడానికి వేడుకగానే ఉంటుంది. అయితే ఆ రెండేళ్ళ నిషేధం ఎందుకు వచ్చిందో అడిగితే సరిగా చెప్పగలిగినవారు ఇరుపక్షాల్లోనూ తక్కువే. అసలు సంగతి ఒకసారి గుర్తు చేసుకోవడం అవసరం.

అసలు జరిగిందేమిటి?

2013 మే 16న రాజస్థాన్ రాయల్స్ జట్టుకు చెందిన శ్రీశాంత్, అంకిత్ చవాన్, అజిత్ చండీలా అనే ముగ్గురు ఆటగాళ్ళను స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత ఎనిమిది రోజులకు బెట్టింగ్ ఆరోపణపై గురునాథ్ మెయ్యప్పన్‌ను ముంబయి పోలీసులు అరెస్టు చేశారు. ఈయన అప్పటి భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడు ఎన్. శ్రీనివాసన్ అల్లుడు. చెన్నై సూపర్ కింగ్స్ జట్టేమో అప్పట్లో శ్రీనివాసన్‌కు చెందిన ఇండియా సిమెంట్స్ కంపెనీది. అంటే జట్టు మామది, దొరికినవాడు అల్లుడు, విచారించవలసిన బోర్డుకు పెద్ద మళ్ళీ మామే.

గురునాథ్ జట్టు యజమాని కాడని, గౌరవ సభ్యుడు మాత్రమేనని కంపెనీ ప్రకటించింది. బోర్డు వేసిన ఇద్దరు సభ్యుల విచారణ సంఘం ఏ తప్పూ లేదని తేల్చింది. ఆ సంఘం నియామకమే చెల్లదని 2013 జూలైలో బొంబాయి హైకోర్టు చెప్పింది. తర్వాత సుప్రీం కోర్టు జస్టిస్ ముకుల్ ముద్గల్ అధ్యక్షతన ముగ్గురి సంఘాన్ని నియమించింది. గుంటూరు కోర్టులో న్యాయవాద వృత్తి ప్రారంభించి, తర్వాత సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయిన ఎల్. నాగేశ్వరరావు ఈ సంఘంలో ఒక సభ్యుడు కావడం మనవారు గమనించదగ్గ విషయం.

గురునాథ్ జట్టు అధికారిగానే వ్యవహరించాడని, పందేలు కాశాడని, జట్టు లోపలి సమాచారం బయటికి చెప్పాడని ఆ సంఘం తేల్చింది. మ్యాచ్ ఫిక్సింగులో ఆయన పాత్రకు ఆధారం లేదని కూడా చెప్పింది. శిక్ష నిర్ణయించే పని 2015 జనవరిలో జస్టిస్ ఆర్.ఎం. లోధా సంఘానికి అప్పగించారు. 2015 జూలై 14న తీర్పు వచ్చింది. చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్ళపాటు సస్పెండు చేశారు. గురునాథ్‌ను, రాజస్థాన్ జట్టు భాగస్వామి రాజ్ కుంద్రాను బోర్డు క్రికెట్ వ్యవహారాలనుంచి జీవితాంతం దూరం పెట్టారు.

ఇరువైపుల వాదనలు

చెన్నై అభిమానులు ఒక మాట అడుగుతారు. "అల్లుడు పందెం కాస్తే ఆటగాళ్ళకేం సంబంధం? ఈలలేసిన మాకెందుకు శిక్ష?" ఇందులో న్యాయం లేకపోలేదు. ఆ రెండేళ్ళు చెన్నై ఆటగాళ్ళు పూణే, గుజరాత్ జట్లకు చెదిరిపోయారు. కానీ లోపలి మనిషే ఇంటి గుట్టు అమ్ముకుంటే బాధ్యత ఇంటి పెద్దది కాక ఎవరిది? యజమానిని వదిలేసి ఒక్క మనిషిని పట్టుకుంటే, రేపు ప్రతి యజమానీ 'వాడు మావాడు కాడు' అని చేతులు దులుపుకుంటాడు.

బెంగుళూరు అభిమానుల వాదన మరొకటి. "చెన్నై గెలిచిన కప్పులన్నీ దొంగ కప్పులే" అంటారు. ఇది ఏ విచారణలోనూ తేలిన మాట కాదు. తేలినదానికి మన కోపాన్ని కలిపి చెప్పుకుంటే అది పుకారు అవుతుంది.

ఇంతకూ చెన్నై జట్టు లేని రెండేళ్ళలో బెంగుళూరుకు ఒరిగిందేమిటి? 2016లో సొంత మైదానంలోనే ఫైనల్ ఆడి హైదరాబాదు చేతిలో 8 పరుగుల తేడాతో ఓడింది. 2017లో కలకత్తాపై 49 పరుగులకే అందరూ అవుటయ్యారు, పట్టికలో అట్టడుగున నిలిచారు. నిషేధం ముగిసి 2018లో తిరిగివచ్చిన చెన్నై ఆ ఏడే కప్పు గెలిచింది. పక్కింటి దీపం ఆరినంత మాత్రాన మన ఇంట్లో వెలుగు రాదు.

మన పెరటి సంగతి

తెలుగువాళ్ళు కూడా గట్టున కూర్చుని నవ్వే వీలు లేదు. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా వాళ్ళు ఉప్పు కాగితంతో బంతిని గీకిన వ్యవహారంలో ఇరుక్కున్న డేవిడ్ వార్నర్ అప్పటికి సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్. ఆ పదవి వదులుకున్నాడు, ఆ ఏడాది ఐ.పి.ఎల్. ఆడనివ్వలేదు. "పాపం వార్నర్, చిన్న తప్పుకు పెద్ద శిక్ష" అని మనవాళ్ళు ఎంతమంది అనలేదు? అదే పని పొరుగు జట్టు కెప్టెన్ చేసి ఉంటే ఆ 'పాపం' అనే మాట నోట వచ్చేదా?

హైదరాబాదు ముద్దుబిడ్డ అజారుద్దీన్‌పై 2000 డిసెంబరులో బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ పన్నెండేళ్ళూ మనవారిలో కొందరు ఆయన్ను దేవుడన్నారు, కొందరు ద్రోహి అన్నారు. కోర్టులో ఏం నడుస్తున్నదో చదివినవారు కొద్దిమందే.

పాచిక తిరగబడింది

2025 జూన్ 3న బెంగుళూరు జట్టు మొట్టమొదటి కప్పు గెలిచింది. అదే సంవత్సరం చెన్నై పట్టికలో ఆఖరున నిలిచింది. ఎర్ర చొక్కాల సంబరానికి హద్దు లేదు. మరునాడు, జూన్ 4న, చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ సాయంత్రం టీవీ చూసి, బెంగుళూరులో ఉన్న పిల్లలకు ఫోన్ చేయని తల్లిదండ్రులు మన వైపు తక్కువ.

కర్ణాటక ప్రభుత్వం జస్టిస్ మైకేల్ డి'కున్హాతో విచారణ జరిపించింది. పోలీసుల అనుమతి లేకుండానే జట్టు యాజమాన్యం జనానికి పిలుపు ఇచ్చిందని, ప్రాథమికంగా బాధ్యత దానిదేనని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ 2025 జూలైలో వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యలపై యాజమాన్యం హైకోర్టుకు వెళ్ళింది. నిన్నటిదాకా "ఆటగాళ్ళకేం సంబంధం" అన్న చెన్నై అభిమానులు ఇప్పుడు "మొత్తం జట్టునే నిషేధించాలి" అన్నారు. "యజమానిదే తప్పు" అన్న బెంగుళూరు అభిమానులు "జట్టుకేం సంబంధం" అన్నారు. వాదనలు అవే, నోళ్ళు మాత్రమే మారాయి. ఎగతాళికి కూడా ఒక హద్దుండాలి. పదకొండు ఇళ్ళలో దీపాలు ఆరిపోయిన చోట లెక్క తేల్చుకోవడం అభిమానం అనిపించుకోదు.

మన ఊరి పందేలు

మరొక మాట చెప్పక తప్పదు. గురునాథ్ చేసిన తప్పు పందెం కాయడం. ఆయన్ను వెక్కిరించే మన కుర్రవాళ్ళలో ఎందరి చేతుల్లో పందేల యాప్ లేదు? ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలను నిషేధిస్తూ 2020లో చట్టం సవరించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. అయినా సీజను వచ్చిందంటే పాలబిల్లు, గొర్రె అమ్మిన డబ్బు, ఆలి మెడలోని గొలుసు ఫోనులో కరిగిపోతున్నాయని పల్లెల్లో పెద్దలు మొత్తుకుంటూనే ఉన్నారు.

పండుగల్లో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీల్లో కూడా ఇదే తంతు. ఊరి జట్టు అని పేరు రాయించి, కూలి ఇచ్చి పొరుగూరి ఆటగాణ్ణి దించుతారు. పదహారేళ్ళ లోపు పోటీకి మీసాలు గీయించి పంపుతారు. ఎదుటి జట్టు చేస్తే మోసం, మనం చేస్తే తెలివి. వయసు దాచి ఆడటం ఆటను లోపలినుంచి తినేసే మోసమని 2015 డిసెంబరులో బెంగుళూరువాసి రాహుల్ ద్రావిడ్ బహిరంగంగా హెచ్చరించారు. ఆ మోసంలో నష్టపోయేది నిజంగా పదిహేనేళ్ళున్న పేదింటి పిల్లవాడు. వాడి చోటు ఇంకెవరో తింటారు.

అభిమానం తప్పు కాదు. చెన్నై అయినా, బెంగుళూరు అయినా ఈలలు వేయవచ్చు, సరదాగా ఎత్తిపొడుచుకోవచ్చు. పొరుగు జట్టుపై విచారణ వచ్చినప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: తేలింది ఎంత, మనం కలిపింది ఎంత? రెండు: ఇదే మన జట్టు చేస్తే ఏమనేవాళ్ళం? ఈ రెండింటికీ ఒకే జవాబు చెప్పగలిగినవాడే ఆటకు నిజమైన అభిమాని. వచ్చే జాతరకు పోటీలు పెట్టే పెద్దలు ముందుగా తమ ఊరి జట్టు పేర్ల పట్టీనే ఒకసారి సరిచూసుకుంటే, ఆ మంచి ఇక్కడినుంచే మొదలవుతుంది.