వకాల్తా పుచ్చుకునే వారు లేకుంటే నిజం తేలేదెలా?

ఇబ్రహీంపట్నం: ఘోరం జరిగిన మర్నాడే ఊరు రోడ్డెక్కుతుంది. రాస్తారోకోలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, ‘ఉరి తీయాలి’ అన్న నినాదాలు మిన్నంటుతాయి. సాయంత్రానికి స్థానిక న్యాయవాదులు సమావేశమై నిందితుని తరఫున ఎవరూ వకాల్తా వేయరాదని తీర్మానిస్తారు. బాధిత కుటుంబానికి బాసటగా నిలవాలన్న తపనే దీని వెనుక ఉన్నదనడంలో సందేహం లేదు. అయితే ఆ తీర్మానం వల్ల బాధిత కుటుంబానికి ఒరిగేదేమిటన్నదే ప్రశ్న. ఇందుకు సమాధానం వెదకాలంటే ఇబ్రహీంపట్నం కేసును గుర్తు చేసుకోక తప్పదు.

2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు వసతిగృహంలో 17 ఏళ్ల ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. నాటి ఉమ్మడి రాష్ట్రం అట్టుడికింది. పోలీసులపై ఒత్తిడి నానాటికీ పెరిగింది. సుమారు ఎనిమిది నెలల అనంతరం, 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక పేద దళిత యువకుడిని అరెస్టు చేసి, నేరం చేసింది ఇతడేనని ప్రకటించారు. నరాల వ్యాధితో కాళ్లు చచ్చుబడి అతడు హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందవలసి వచ్చింది. నడవడమే కష్టమైన మనిషిపై ఇంతటి అభియోగమా అని అప్పుడే పలువురు ముక్కున వేలేసుకున్నారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ న్యాయస్థానం అతడిని దోషిగా నిర్ధారించి జైలు శిక్ష విధించింది.

అతడు నేరస్తుడు కాడని మొదటి నుంచీ చెబుతూ వచ్చినవారిలో మృతురాలి తల్లే ముందున్నారు. అసలు దోషులను వదిలేశారన్నది ఆమె ఆరోపణ. చివరకు 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ యువకుడిని నిర్దోషిగా ప్రకటించింది. దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టింది. లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతడి జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా కారాగారంలోనే గడిచిపోయింది. లక్ష రూపాయలను ఆ ఏళ్లకు పంచితే నెలకు వెయ్యి రూపాయలైనా పడదు.

ఆ అప్పీలును భుజాన వేసుకొని సాక్ష్యాధారాలను ఒక్కొక్కటిగా ప్రశ్నించిన న్యాయవాదులే లేకుంటే పోలీసులు చెప్పిన కథే చరిత్రగా మిగిలిపోయేది. అత్యాచార కేసులో డిఫెన్సు న్యాయవాది పని నేరాన్ని వెనకేసుకు రావడమని జనంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పట్టుకొచ్చిన మనిషి అసలు మనిషేనా అని అడగడం ఆయన మొదటి విధి.

కోయంబత్తూరు నుంచి షాద్‌నగర్ దాకా

వకాల్తా నిరాకరణ తీర్మానాలపై సుప్రీంకోర్టు 2010 డిసెంబరులోనే తేల్చి చెప్పింది. ఆ వివాదం తమిళనాడులోని కోయంబత్తూరులో తలెత్తింది. విశేషమేమిటంటే అక్కడి న్యాయవాదులు వాదించబోమన్నది పోలీసుల తరఫున! న్యాయవాదులకు, పోలీసులకు మధ్య తలెత్తిన గొడవలో ఆ తీర్మానం చేశారు. అటువంటి తీర్మానాలు రాజ్యాంగానికీ, వృత్తి ధర్మానికీ విరుద్ధమని, అవి చెల్లవని అత్యున్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. అరెస్టయిన ప్రతి వ్యక్తికీ తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగంలోని 22వ అధికరణ కల్పించింది. ఇంత స్పష్టంగా చెప్పినా తీర్మానాలు ఆగలేదు.

2019 నవంబరు 27న శంషాబాద్ సమీపంలో యువ పశువైద్యురాలిపై జరిగిన దారుణం దేశాన్ని కుదిపేసింది. నలుగురిని అరెస్టు చేశారు. షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ ఎదుట వేలాదిగా జనం గుమిగూడడంతో వారిని స్టేషన్‌లోనే తహసీల్దారు ఎదుట హాజరుపరచి రిమాండుకు పంపారు. స్థానిక న్యాయవాదులు వారి తరఫున వాదించబోమని తీర్మానించారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురూ పోలీసు కాల్పుల్లో మరణించారు. జనం పోలీసులపై పూలు చల్లారు.

ఆ తర్వాత జరిగింది మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెలుగు చూసింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ నిర్ధారించి, 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసింది. మరణించిన నలుగురిలో ముగ్గురు నేరం నాటికి మైనర్లేనని కూడా తేల్చింది. నిందితుని వయసెంత? రిమాండు రోజున ఏ చిన్న ప్లీడరైనా మొదట అడిగే ప్రశ్న ఇది. పాఠశాల రికార్డు తెప్పించమని ఒక్క మెమో వేస్తే సరిపోయేది. వేసే వారు లేకపోయారు. ఇక విచారణే జరగలేదు కనుక నేరం ఎవరు ఎలా చేశారన్నది న్యాయస్థానంలో రుజువు కాకుండానే ఆ కేసు ముగిసింది.

పేరుకు ఉంటే చాలదు

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని నిందితునికి ప్రభుత్వమే సమకూర్చాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. రిమాండు దశ నుంచే దీన్ని అందించాలని, ఆ సంగతి నిందితునికి తెలియజేయడం మెజిస్ట్రేటు బాధ్యత అని సుప్రీంకోర్టు 2012లో ముంబయి ఉగ్రవాద దాడి కేసు తీర్పులో ఆదేశించింది.

ఆచరణలో ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లా కేసు చెబుతుంది. 2013లో ఒక చిన్నారిపై అత్యాచారం, హత్య కేసులో అభియోగాలు నమోదు చేసిన రోజునే నిందితునికి న్యాయవాదిని నియమించారు. ఫైలు విప్పి చూసే వ్యవధి కూడా ఆయనకు చిక్కలేదు. రెండు వారాల్లోపే విచారణ ముగించి ఉరిశిక్ష విధించారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి విచారణ జరపాలంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే అవకాశమున్న కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలని, సిద్ధమయ్యేందుకు సాధారణంగా ఏడు రోజులైనా గడువివ్వాలని నిర్దేశించింది. తిరిగి జరిగిన విచారణలో 2024లో ఆ వ్యక్తి నిర్దోషిగా విడుదలయ్యాడు. పదకొండేళ్లు గడిచాయి. ఆ చిన్నారి తల్లిదండ్రులకు దక్కిందేమిటి?

సరిగ్గా ఆ 2019 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ ముగించాలన్నది దాని సారాంశం. రాష్ట్రపతి ఆమోదం లభించక అది చట్టం కాలేదు. తొందరపాటు వల్ల ఖండ్వాలో ఏమైందో సుప్రీంకోర్టు చెబుతున్న నెలలోనే ఇక్కడ ఆ తొందరనే చట్టంగా చేయబూనడం గమనార్హం.

కొంత మార్పు లేకపోలేదు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో తెచ్చిన పథకం కింద నిందితుల తరఫున వాదించేందుకే పూర్తికాలపు న్యాయవాదులను జిల్లాల్లో నియమిస్తున్నారు. వీరు ప్రైవేటు కేసులు చేపట్టరాదు.

పల్లెల్లో పోక్సో

గ్రామాల్లో ఈ సహాయం ఎక్కువగా అవసరమయ్యేది పోక్సో కేసుల్లోనే. ఈ చట్టం కింద ప్రధాన నేరాల్లో నిందితుడే చేశాడని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది, కాదని అతడే నిరూపించుకోవాలి. పసిబిడ్డలపై అకృత్యాలను అరికట్టేందుకు ఇంతటి కఠినత్వం అవసరమే. అయితే ప్రేమించి ఊరు విడిచిపోయిన జంటల కేసులూ ఇదే చట్టం కిందకు వస్తాయి. బాలిక 18 ఏళ్ల లోపైతే ఆమె ఇష్టానికి చట్టంలో విలువ లేదు. గర్భం దాలిస్తే 2019 సవరణ ప్రకారం కనీస శిక్ష 20 ఏళ్లు. ఒక్క పుట్టినతేదీపై ఒక మనిషి యౌవనమంతా ఆధారపడుతుంది. బడిలో చేర్చేటప్పుడు పంతులు అంచనాగా వేసిన తేదీలు మన పల్లెల్లో కొత్త కాదు. పాఠశాల ధ్రువపత్రం, అది లేకుంటే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష అన్నది చట్టం చెప్పిన వరుస. ఆ కాగితాలు తెప్పించి పరిశీలించే వారు కావాలి. కూలి చేసుకునే తండ్రికి అది తెలిసే విషయం కాదు.

బాధితులను రచ్చకీడ్చేందుకే డిఫెన్సు లాయర్లు ఉన్నారన్న ఆగ్రహం నిష్కారణమైనది కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం కేసులో ఆమె శీలంపైనే బురద చల్లారు. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. నేటి చట్టం అందుకు తావివ్వదు. బాధితురాలి నడవడిని తవ్వే ప్రశ్నలు నిషిద్ధం. విచారణ మూసిన గదిలో సాగాలి. పోక్సో కేసుల్లో న్యాయవాది నేరుగా బాలికను ప్రశ్నించరాదు, న్యాయమూర్తి ద్వారానే అడగాలి. ఈ హద్దు దాటే న్యాయవాదిని వారించడం న్యాయమూర్తి బాధ్యత. ఆ సాకుతో అసలు న్యాయవాదే వద్దనడం వేరు సంగతి.

ఇబ్రహీంపట్నం కేసు నిర్దోషి విడుదలతో ముగియలేదు. 2018లో హైకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించింది. కేసుకు సంబంధించిన వస్తు సాక్ష్యాలు అప్పటికే విజయవాడ న్యాయస్థానంలో ధ్వంసమయ్యాయని తేలింది. 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల తర్వాత, తెనాలిలోని సమాధిని తవ్వించి ఆ విద్యార్థిని అస్థికలకు మళ్లీ పరీక్షలు జరిపించారు.