మైదానం మధ్యలో

ఈ మధ్య క్యాంపస్‌లో ఒక సెమినార్ అయ్యాక టీ తాగుతూ, బ్రెజిల్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ మార్తా ప్రస్తావన తెచ్చాను. "క్రీడాకారిణుల విజయగాథలు మార్కెట్ అమ్ముకునే సరుకు. వాటితో స్త్రీవాదానికేం పని?" అంది నా సహాధ్యాపకురాలు. ఈ మాట నేను వినడం మొదటిసారి కాదు. స్త్రీ శరీరం గురించి దశాబ్దాలుగా రాస్తున్నాం. ముట్టు, ప్రసవం, గర్భసంచి, కోరిక, హింస అన్నీ రాశాం. పరిగెత్తే శరీరం, చెమటోడ్చి గెలవాలనుకునే శరీరం దగ్గరికొచ్చేసరికి ఎందుకీ మౌనం? దాన్ని క్రీడల పేజీ రాసే మగవాళ్లకి వదిలేయడం నాకు సమ్మతం కాదు.

సరే, మార్తాది విజయగాథే అనుకుందాం. ఎలాంటి విజయం? స్త్రీ స్వభావానికి సరిపడని ఆటలంటూ బ్రెజిల్ 1941లో చేసిన చట్టం ఆడవాళ్లని ఫుట్‌బాల్‌కి దూరం పెట్టింది. ఆ నిషేధం 1979 దాకా ఉంది. మార్తా పుట్టింది 1986లో, ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక చిన్న ఊళ్లో. చట్టం పోయినా ఆడపిల్లలకి జట్టు రాలేదు, మగపిల్లలతోనే ఆడింది. 2004లో, పద్దెనిమిదేళ్లకే, స్వీడన్‌లోని ఉమెయో క్లబ్‌కి వెళ్లిపోయింది. 2006 నుంచి 2010 దాకా వరసగా ఐదేళ్లు ఫిఫా ఆమెని ప్రపంచంలో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆ కీర్తి శిఖరాన ఏం జరిగిందో చూడండి. 2009లో ఆమె ఆడిన లాస్ ఏంజెలెస్ సోల్ మరుసటి ఏడాదికి లేదు. 2010లో గోల్డ్ ప్రైడ్‌కి వెళ్లింది. ఆ జట్టు లీగ్ గెలిచింది, గెలిచి రెండు నెలలు తిరక్కుండానే మూతపడింది. 2011లో ఇంకో జట్టు, ఇంకో టైటిల్. 2012లో ఏకంగా లీగ్‌నే ఎత్తేశారు. మళ్లీ స్వీడన్ వచ్చి చేరిన తిరెసో క్లబ్ 2014లో దివాలా తీసింది. (అదే ఒక కోడలి విషయంలో ఇలా జరిగితే 'అడుగుపెట్టిన వేళ' అని తేల్చేసేవాళ్లు!)

నెయ్‌మార్ కూడా బ్రెజిల్ ఫార్వర్డే, అతనిదీ విదేశీ కెరీరే. 2017లో బార్సిలోనా నుంచి పారిస్‌కి మారితే 22 కోట్ల 20 లక్షల యూరోలు చేతులు మారాయి. అతను ఎక్కడికెళ్తే డబ్బు అక్కడికెళ్లింది. ఆమె మాత్రం ఎన్ని టైటిళ్లు గెలిచినా కొత్త పని వెతుక్కుంటూనే ఉంది. నా మిత్రురాలు దీన్ని వ్యక్తి విజయమంటుంది. నేను వలస కూలి చరిత్ర అంటాను.

అంత దూరం ఎందుకు, గుగులోత్ సౌమ్య మన మనిషే. నిజామాబాద్ జిల్లాలోని లంబాడీ తండా నుంచి వచ్చిన ఫార్వర్డ్. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తండా నుంచి యూరప్‌కి అని మురిసిపోవడం తేలికే. కానీ ఆమె పేరు తెచ్చుకున్న క్లబ్బుల ఊళ్లు చూడండి: ముంబై, కేరళ, జాగ్రెబ్, కోల్‌కతా. తండాకీ జాగ్రెబ్‌కీ మధ్య మన హైదరాబాద్ ఎక్కడ? 2024-25లో ఈస్ట్ బెంగాల్ దేశవాళీ మహిళల లీగ్ గెలిచినప్పుడు సౌమ్య ఆ జట్టులో ఉంది, ఆ ఏడాది దేశపు ఉత్తమ క్రీడాకారిణి ఆమే. జాగ్రెబ్ వెళ్లిన ఏడాదే, ఆగస్టులో, పాలకుల గొడవల వల్ల భారత ఫెడరేషన్‌ని ఫిఫా నిషేధిస్తే, గోకులం కేరళ ఆడపిల్లలు తాష్కెంట్ దాకా వెళ్లి ఒక్క ఆటా ఆడకుండా తిరిగొచ్చారు. తగాదా పెద్దలది, శిక్ష వీళ్లకి.

మన నగరానికి ఫుట్‌బాల్ జ్ఞాపకాలు తక్కువేం కాదు. ఇరానీ హోటల్లో పెద్దవాళ్లని కదిపితే చాలు, సిటీ పోలీస్ జట్టు, రహీం సాబ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల స్వర్ణం చెబుతారు. నాకూ గర్వమే. రహీం సాబ్ మీద 2024లో హిందీ సినిమా వచ్చింది, పేరు 'మైదాన్'. మరి 1980లోనూ 1983లోనూ ఆసియా మహిళల పోటీల్లో భారత జట్టు ఫైనల్ ఆడి రెండో స్థానం తెచ్చుకున్న సంగతి ఏ హోటల్లో వినిపిస్తుంది? ఆ స్వర్ణయుగాన్ని తలచుకునేవాళ్లు ఆడవాళ్లెక్కడ అని అడగరు. మనమైనా అడగాలి కదా. తెలుగు సాహిత్యంలో మైదానం అనగానే చలం నవల గుర్తొస్తుంది. ప్రేమ కోసం మైదానానికి వెళ్లిన స్త్రీ గురించి ఎంత చర్చించాం! బంతి కోసం వెళ్లాలనుకునే పిల్ల గురించి అందులో పదో వంతైనా మాట్లాడామా?

సాయంత్రం తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిచి రండి. గ్రౌండ్ మధ్యలో అబ్బాయిలు, మూడు నాలుగు జట్లు. అమ్మాయిలు అంచు వెంబడి ఇద్దరిద్దరుగా, చున్నీలు సర్దుకుంటూ, హాస్టల్ టైము చూసుకుంటూ నడుస్తుంటారు. దాన్ని మనం 'వాకింగ్' అంటాం. నా క్లాసులో గురుకులం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది, స్కూల్లో జిల్లా జట్టుకి ఫార్వర్డ్. ఎమ్మేలో చేరాక ఆట మానేసింది. ఎందుకమ్మా అంటే, "మధ్యలోకి పోతే అందరూ ఆగి నన్ను చూస్తరు మేడమ్. ఆట చూస్తే పర్వాలేదు" అంది. ఇందులో మార్కెట్ ఎక్కడుందో నా మిత్రురాలు చెప్పాలి. ఈ పిల్ల జాగ్రెబ్ అడగడం లేదు, సాయంత్రం గంటసేపు గ్రౌండ్ మధ్యభాగం అడుగుతోంది. ఆ గంట దొరకనివాళ్లలో ఎందరు ఫార్వర్డ్‌లున్నారో ఏ అవార్డు జాబితా చెప్పదు.

అందుకే వినతిపత్రం రాశాం. వారంలో నాలుగు రోజులు ఐదున్నర నుంచి ఏడు దాకా గ్రౌండ్ అమ్మాయిలకి, ఆ రోజుల్లో హాస్టల్ గేటు ఎనిమిదింటికి, గోల్‌పోస్టు దగ్గర రెండు దీపాలు. జట్టుకి పదకొండు మంది కావాలి, తొమ్మిది పేర్లొచ్చాయి. అధ్యాపకురాళ్ల సంతకాలు నాలుగే ఉన్నాయి.