దయ్యాన్ని కూడా కొనుక్కున్నారా?

మొన్న మా వదినగారు ముస్సోరీ చూసి వచ్చారు. తెచ్చిన శాలువాలు చూపించడం అయ్యాక, "సవాయ్ హోటలు చూశామే! అక్కడ దయ్యం ఉందిట, తెలుసా?" అన్నారు కళ్లు పెద్దవి చేసుకుని. పిల్లలంతా చుట్టూ మూగారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ హోటలు 1902లో మొదలైంది. కట్టించినవాడు లింకన్ అనే లక్నో బారిస్టరు. 1946లో అది భారతీయుల చేతికి వచ్చింది. 2005లో మళ్లీ చేతులు మారింది. మంచిదే. పాత భవనం కూలిపోకుండా ఎవరో డబ్బు పెట్టి నిలబెడితే నేనెందుకు కాదంటాను? కానీ గదులతోనూ బల్లలతోనూ పాటు ఒక ఆడమనిషి చావు కూడా ఇన్నేళ్లుగా చేతులు మారుతూ వస్తోంది. నా పేచీ అక్కడ.

ఆవిడ పేరు ఫ్రాన్సెస్ గార్నెట్ ఓర్మ్. 1911లో ఆ హోటలు గదిలో విషం వల్ల చనిపోయింది. స్నేహితురాలు ఈవా మౌంట్‌స్టీఫెన్ మీద హత్యానేరం మోపారు. ఆ చావునాటికి ఈవా ఊళ్లోనే లేదు. అలహాబాదు కోర్టు ఆమెను నిర్దోషి అని విడిచిపెట్టింది. అసలు సంగతి ఈనాటికీ తేలలేదు. 1920లో వచ్చిన అగాథా క్రిస్టీ మొదటి నవలకు ఈ ఉదంతమే ప్రేరణ అని చెప్పుకుంటారు.

ఇంకేం! చచ్చిపోయినావిడ దయ్యం, బతికున్నావిడ హంతకురాలు. కోర్టు విడిచిపెట్టినా కథలు విడిచిపెట్టలేదు.

"సరదాకి చెప్పుకునే కథే కదా! నువ్వు మాత్రం నవలల్లో ఆడవాళ్లను చంపడం లేదూ?" అన్నారు వదినగారు.

చంపాను, కాదనను. కానీ నేను చంపినవాళ్లెవరూ ఏ తల్లి కడుపునా పుట్టలేదు.

యజమానులననుకొని ఏం లాభం? కథ కావాలని అడిగేది మనమే. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక కోడలు తోటలోని నూతిలో పడి చచ్చిపోయింది. తరవాత ఆ తోట ముగ్గురి చేతులు మారింది. కొన్న ప్రతివాడూ నుయ్యి దగ్గర కొబ్బరికాయ కొట్టి దయ్యానికి శాంతి చేయించాడు. ఆ పిల్ల ఎందుకు పడిందని అత్తింటివాళ్లను అడిగినవాడు ఒక్కడూ లేడు. దయ్యం అనేస్తే చాలు, ఇక మనుషులను అడిగే పని ఉండదు చూశారా!

అందుకే, ఈసారి ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే భయపడకండి. "ఆవిడ పేరేమిటి? ఎలా పోయింది? దానికి ఎవరు జవాబు చెప్పారు?" అని అడగండి. ఇంత ఉపన్యాసమూ వదినగారికి ఇచ్చాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, "అవునూ, ఆ నూతిలో పడ్డ పిల్ల పేరేమిటే?" అన్నారు.

నా నోట మాట రాలేదు. అమ్మమ్మ దగ్గర ఆ కథ నూరుసార్లు చెప్పించుకున్నాను గాని, పేరు ఒక్కనాడూ అడగలేదు.