గేదె పేరున అప్పు, అమీర్‌పేటలో ఫీజు

ఈ మధ్య ఒక మహిళా సంఘాల సమావేశంలో సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీల మోసాల గురించి నేను మాట్లాడబోతే, ఒక మిత్రురాలు "అది వినియోగదారుల సమస్య కదండీ, మన సమస్య ఎలా అవుతుంది?" అని అడిగారు. ఇంకొకరు "అత్యాశకు పోతే అంతే మరి" అని తేల్చేశారు. ఆ రెండు మాటలు విన్నాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

రెండేళ్లుగా అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ లేడీస్ హాస్టళ్లలో ఉంటున్న అమ్మాయిలతో మాట్లాడుతున్నాను. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణా కేంద్రాలన్నీ మోసమేనని నేననడం లేదు. ఇంజనీరింగ్ కాలేజీలు నాలుగేళ్లలో నేర్పని జావాను, టెస్టింగును తక్కువ ఫీజుకు కొద్ది నెలల్లో నేర్పి, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలను ఉద్యోగాల దాకా చేర్చిన మాస్టార్లు అక్కడున్నారు. నా పేచీ చదువు చెప్పేవాళ్లతో కాదు, చదువు పేరు చెప్పి ఉద్యోగాన్ని అమ్మేవాళ్లతో.

ముందు ఉచిత డెమో క్లాసు. తర్వాత రిజిస్ట్రేషన్. కోర్సు సగంలో ఉండగా ప్లేస్‌మెంట్ చార్జీలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోకి పోతాయి. డబ్బు నగదుగానో, ఎవరిదో సొంత ఫోన్ నంబరుకో. రసీదు అడిగితే "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అంటారు. చివరికి రెండేళ్ల దొంగ అనుభవ పత్రం చేతిలో పెడతారు. కంపెనీ విచారణలో అది బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ అమ్మాయి ఫిర్యాదు చేసే నోరూ పోతుంది. దొంగ పత్రం తీసుకోవడం తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. కానీ బాధితురాలిని నేరంలో భాగస్వామిని చేసి ఆమె మౌనాన్ని కొనుక్కునే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు కదా.

ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయి లక్షా ఎనభై వేలు కట్టింది. అందులో లక్ష, తల్లి డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు. సంఘం పుస్తకంలో "పాడి గేదె" అని ఉంది. ఆ ఇంట్లో గేదె లేదు. ఒక సోమవారం వెళ్లేసరికి కన్సల్టెన్సీ ఆఫీసుకు తాళం. అదే బ్యాచిలో ఆమె బాబాయి కొడుకు కూడా డబ్బు పోగొట్టుకున్నాడు. అతన్ని "పోనీలేరా, ఇంకో కోర్సు చెయ్" అన్నారు. ఈమెకు మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. ఒకే ఆఫీసు, ఒకే మోసం. శిక్ష మాత్రం ఒకరికే. ఇది వట్టి వినియోగదారుల సమస్యేనా?

చట్టం లేక కాదు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. కోచింగ్ సెంటర్లు దాని పరిధిలోకి వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలోనే చెప్పింది. ఉద్యోగం ఖాయమన్న బూటకపు హామీలతో ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. హైదరాబాదు తిరగనక్కర్లేదు, సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ అమ్మాయి వెంట కమిషన్ మెట్లెక్కే మనిషే లేదు. పేరు బయటపడితే సంబంధం చెడుతుందని ఇంట్లోవాళ్లే నోరు నొక్కుతారు.

మన స్వచ్ఛంద సంస్థల సంగతీ చెప్పుకోవాలి. పొదుపు సంఘాల సమీక్షల్లో వసూళ్ల శాతం చూసి మురిసిపోతాం. గేదె ఏ పాకలో ఉందని ఎవరమైనా అడిగామా? అడిగి ఉంటే ఆ లక్ష ఎక్కడికి పోయిందో మనకే ముందు తెలిసేది. అప్పు తీర్చేది తల్లి, ఆమె కట్టలేకపోతే పూచీపడేది సంఘంలోని మిగతా ఆడవాళ్లు. అత్యాశ అన్న మిత్రురాలు ఇందులో ఎవరి ఆశను లెక్కవేశారో నాకర్థం కాలేదు.

నేను వాళ్ల ఊరు వెళ్లిన రోజు ఆ తల్లి పత్తి ఏరి అప్పుడే ఇంటికొచ్చింది. ఇంకా 19 వాయిదాలున్నాయని చెప్పింది. ఫిర్యాదు కాగితం రాసి తీసుకెళ్లాను. కూతురు సంతకం పెట్టలేదు. "పెళ్లయ్యాక చూద్దాం మేడమ్" అంది. అప్పటికి గడువులో 4 నెలలే మిగులుతాయి.