కడుపుతో ఉన్నప్పుడు కలిస్తే బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. తొలిచూలు, అయిదో నెల నడుస్తోంది. మా ఆయన నాపరాళ్ల లారీ డ్రైవరు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తారు. వచ్చినప్పుడు దగ్గరికి రమ్మంటే కాదనలేను. బిడ్డకు దెబ్బ తగులుతుంది, వేరే పడుకోమంటుంది మా అత్త. ఎవరి మాట వినాలో తెలియక నలిగిపోతున్నాను.
– ఒక సోదరి, బేతంచెర్ల

జవాబు: ఈ సంగతి డాక్టరమ్మను అడగడానికి సిగ్గుపడి, లోలోపలే భయపడే వాళ్లు చాలామంది. మీరు అడిగి మంచిపని చేశారు.

గర్భం మామూలుగా పెరుగుతుంటే కలయిక వల్ల బిడ్డకు హాని లేదు. బిడ్డ ఉమ్మనీటి సంచిలో భద్రంగా ఉంటుంది. గర్భసంచి మూతిని చిక్కటి జిగురు మూసి ఉంచుతుంది. కలిసిన తర్వాత పొట్ట కాసేపు గట్టిపడి మళ్లీ వదులైతే కంగారుపడనక్కర్లేదు. నెలలు నిండేకొద్దీ పొట్ట మీద బరువు పడకుండా, పక్కకు తిరిగి పడుకోవడం మేలు.

అయితే కొందరు దూరంగా ఉండి తీరాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా, మాయ కిందికి ఉందని స్కానింగులో తేలినా, గర్భసంచి మూతి వదులుగా ఉందని కుట్టు వేసినా, ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు అయినా డాక్టరును అడగందే కలవకూడదు. మీకిది అయిదో నెల కనుక స్కానింగు చేయించుకోండి. మాయ ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పుడు కిందికి ఉన్నా చాలామందికి నెలలు నిండేసరికి పైకి జరుగుతుంది. అంతవరకూ డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి.

మరో ముఖ్యమైన మాట. మీవారిని అనుమానించమని కాదు గానీ, ఊళ్లు తిరిగే ఉద్యోగం. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఇద్దరూ చేయించుకోండి. కడుపుతో ఉండగా కొత్తగా ఇవి సోకితే బిడ్డకు ముప్పు ఎక్కువ. ముందే తెలిస్తే మందులతో బిడ్డను కాపాడుకోవచ్చు. ఏమాత్రం సందేహమున్నా నిరోధ్ వాడమనండి.

అన్నిటికన్నా ముందు మీ ఇష్టం. వాంతులు, నడుంనొప్పి, అలసటతో ఉన్నప్పుడు 'ఈపూట వద్దు' అంటే తప్పు కాదు. ప్రేమ చూపించడానికి పక్కన కూర్చుని కబుర్లు చెప్పినా, కాళ్లు పట్టినా చాలు. మీ అత్తగారి మాటలోనూ మంచి ఉంది. పగలంతా పనిచేసే కోడలికి రాత్రయినా విశ్రాంతి దొరకాలని పెద్దలు పెట్టిన కట్టుబాటు అనుకోండి. ఆమెతో వాదం వద్దు. డాక్టరు చెప్పిన మాట ఆమెకూ వినిపించండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి ఉంది. ఆరోజు మీవారు ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. మీరు చెప్పలేనిది డాక్టరమ్మే చెబుతుంది. రక్తం, నీరు పోయినా, నొప్పులు ఆగకుండా వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి కర్నూలు పెద్దాసుపత్రికో, దగ్గరి కాన్పుల ఆసుపత్రికో వెళ్లండి.